రాజు కదలడనుకున్నాం

ముప్పై మూడేళ్లు బొగ్గుబావుల్లో సర్వేయరుగా పనిచేసి రిటైరైన రోజున నాకొక సన్మానపత్రం ఇచ్చారు. అందులో నన్ను "ఎప్పుడూ చిరునవ్వుతో కనిపించే మనిషి" అని రాశారు. రాసినవాడికి నేనెవరో తెలియదని అప్పుడే అర్థమైంది. ఆఫీసులో నేను నవ్విన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఆ పత్రం ఇంకా దాచాను. ఆ వాక్యం కింద గీత కూడా గీసి పెట్టుకున్నాను.

సర్వే విభాగంలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. ఏ పరీక్షకు ఏం చదవాలి, ప్రమోషన్ ఎప్పుడొస్తుంది అని అడుగుతారు. అవి చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక రాజు గురించి, ఆయన గద్దె గురించి. ఆ ఒక్కటి సరిగా వింటే మిగతా పని దానంతటదే వస్తుంది.

గద్దె

గోదావరిఖనిలో మా బావికి పోయే దారిలో ఒక కూడలి ఉంది. అక్కడ నాలుగు మెట్ల గద్దె మీద నల్లరాతి స్తంభం, దాని నెత్తిన రాతి కిరీటం ఉంటాయి. పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన ఒక రాజు పేరు మీద దాన్ని నిలబెట్టారని అందరికీ తెలుసు. ఏ రాజో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఫలకం మీది అక్షరాలు ఎండకూ బొగ్గుదుమ్ముకూ అరిగిపోయాయి. నాలాగా కోస్తా నుంచి వచ్చిన ఆఫీసర్లు ఒక పేరు చెప్పేవారు. లారీ అడ్డా వాళ్లు ఇంకో పేరు చెప్పేవారు. కార్మికులు ఆ తగాదాలోకి పోలేదు. రాజుగద్దె అన్నారు, డ్యూటీకి పోతూ మెట్టును ముట్టి కళ్లకద్దుకున్నారు.

రెండో మెట్టులో వేలెడు రాగి బోల్టు బిగించి ఉండేది. సర్వే విభాగానికి రాజంటే ఆ బోల్టే. బావిలో ఏ చోటు ఎంత లోతులో ఉంది, పైన నేల ఎంత ఎత్తులో ఉంది అనే ప్రతి అంకె ఆ బోల్టు నుంచి మొదలయ్యేది. దాన్ని బెంచ్‌మార్క్ అంటారు. అది కదలదు అనే నమ్మకం మీదే కింద వందలమంది పనిచేస్తారు.

చేరిన మొదటి రోజున మా సర్వే ఆఫీసర్ నన్ను అక్కడికి తీసుకెళ్లారు. అంతకుముందు ఆఫీసు గదిలో గంటసేపు నిలబెట్టారు. ఎదురుగా రెండు ఖాళీ కుర్చీలున్నాయి.

"ఈ రాజును గుర్తుపెట్టుకోవయ్యా. నువ్వు తప్పు చేస్తావు, నీ చైన్‌మన్ తప్పు చేస్తాడు. రాజు చెయ్యడు. రాజు కదలడు" అన్నారు.

ఆ మాట నాకు నచ్చింది. కుర్చీల సంగతి నచ్చలేదు. రెండూ గుర్తున్నాయి.

తలుపు

బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు కూలకుండా మొదట మధ్య మధ్య బొగ్గు దిమ్మెలు వదిలేస్తారు. చివరికి ఆ దిమ్మెలనూ తీసేస్తారు. అప్పుడు లోపల పైకప్పు కూలుతుంది, పైన నేల కుంగుతుంది. ఇళ్ల కిందా, గద్దెలాంటి కట్టడాల కిందా దిమ్మెలు తీయకూడదు. వాటిని ప్లానులో గీత గీసి కాపాడాలి. కుంగుబాటు ఆ గీత దాటి రాలేదని నెలనెలా కొలిచి చెప్పడం నా పని.

అందుకోసం నేల మీద ఇరవై చిన్న సిమెంటు స్తంభాలు పాతాం. ఒకటో నంబరు క్వార్టర్ల వరస దగ్గర. అక్కణ్ణుంచి గద్దె పక్కగా సాగి, ఇరవయ్యోది రోడ్డు మీద యాదగిరి చాయ్ హోటల్ దగ్గర ముగుస్తుంది. నేను మట్టం చూసే పరికరం పెట్టుకుంటే, కొలతల్లో నాకు సాయపడే చైన్‌మన్ కొమురయ్య అంకెలున్న పొడవాటి కర్రను, అంటే స్టాఫును, ఒక్కో స్తంభం మీద నిలబెట్టేవాడు. రాజు దగ్గర మొదలుపెట్టి, అన్నీ చూసి, మళ్లీ రాజు దగ్గరే ముగించేవాళ్లం. మొదటి అంకె, చివరి అంకె కలిస్తే లెక్క సరిపోయినట్టు. మాది ప్రతి నెలా కలిసేది. ఆ చక్కదనానికి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

క్వార్టర్ల వరసలో ఎనిమిది ఇళ్లు. మూడో ఇంట్లో మరియమ్మ ఉండేది. చర్చి బడిలో టీచరు. భర్త దయానందం బావిలో పంపు నడిపేవాడు. దిమ్మెలు తీయడం మొదలైన కొన్ని నెలలకు ఆమె రాసిన దరఖాస్తు నా బల్ల మీదకు వచ్చింది. చూడ్డానికి వెళ్లాను.

"తలుపు పడ్తలేదు సార్" అన్నది.

"చెక్క ఉబ్బి ఉంటుందమ్మా, వానలకు."

"వానలు పోయి రెండు నెలలాయె. చెక్క ఉబ్బితె పక్కలకు ఇరుకుతది గద. ఇది కింద గీస్కపోతున్నది. సూడుండ్రి."

నేల మీద గచ్చు గీసుకుపోయిన తెల్లటి వంపు కనబడుతూనే ఉంది. కానీ అంకెలు రాసుకునే నా లెవెల్ పుస్తకంలో ఒకటో నంబరు స్తంభం అసలు కదల్లేదు. దరఖాస్తు అడుగున "పరిశీలించడమైనది. కదలిక లేదు" అని రాసి, సంతకం పెట్టి, ఆమె చేతికే ఇచ్చాను.

రెండోసారి గోడ పగిలిందని రాసింది. వెళ్తే పగులు చివర పెన్సిల్ గీతలున్నాయి, ప్రతి గీత పక్కన తారీఖు.

"పోయిన నెల ఈడున్నది సార్. గిప్పుడు ఈడికొచ్చింది. పిల్లల ఎత్తు గీసినట్టు గీస్తున్న."

సరైన పద్ధతి అదే. నేను చెయ్యాల్సిన పని ఆమె చేసిందని నాకు కోపం వచ్చింది. కొలవడం మా పని, మీరు పెట్టుకోకండి అన్నాను. మళ్లీ అదే వాక్యం, అదే సంతకం.

మూడోసారి కూడా అదే రాసిచ్చి బయల్దేరితే ఆమె గడప దిగి గేటు దాకా వచ్చింది.

"నెలనెలా ఆ రాజు దిక్కు మొక్కం పెట్టి నిలబడ్తరు. మా గోడ దిక్కు ఒక్కనాడన్న తిరుగుండ్రి సార్. నేను పెద్దసార్లకు రాస్త."

"రాసుకోండి" అన్నాను.

ఆ మాట నాతో ఎందరో ఆఫీసర్లు అన్నారు. అన్న ప్రతివాడి పేరూ చెప్పగలను. నేను ఆమెతో అన్నప్పుడు మాత్రం ఆ సంగతి తోచలేదు.

లేస్తున్న స్తంభం

ఇదంతా జరుగుతుండగా ఇరవయ్యో నంబరు స్తంభం ఒక వింత చూపిస్తోంది. అది కుంగడం లేదు, లేస్తోంది. ఒక నెల గోరు మందం, ఇంకో నెల వేలు మందం. కొమురయ్య స్టాఫు వంచి పట్టాడని తిట్టాను. అతను నాకంటే పదేళ్లు పెద్ద. నా ముందు నలుగురు సర్వేయర్లకు కర్ర పట్టినవాడు.

"వంకర పట్టలే సార్. కావాల్నంటె మీరే పట్టుండ్రి, నేను సూస్త."

"మరి అంకె ఎందుకు మారుతోంది?"

"నన్నడుగుతరేంది? భూమి లేస్తదా సార్? సచ్చినోళ్లు లేస్తరంటది మరియమ్మక్క. భూమి లేస్తదని ఆమె గూడ అనలె."

నేను నవ్వలేదు. ఆ తేడాను పొరపాటుగా తీసుకుని మిగతా స్తంభాల మీదకు కొంచెం కొంచెంగా సర్దాను. ఈ పనిలో చేరేవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. సర్దడం నేరం కాదు. చిన్న పొరపాట్లను సర్దే పద్ధతి పుస్తకాల్లోనే ఉంది. నా తప్పు ఏమిటంటే, నాకు నచ్చని అంకెను పొరపాటు అని పిలిచాను. మా ఆఫీసర్ ఆ పుస్తకం మీద నెలనెలా సంతకం పెట్టారు. ఒక్కసారి కూడా ఇరవయ్యో నంబరు ఏమిటని అడగలేదు.

నాలుగో నెలకు ఒక కారణం కనిపెట్టాను. యాదగిరి కప్పులు కడిగిన నీళ్లు స్తంభం పక్కనే పారబోస్తాడు. నల్లరేగడి నేల నీళ్లు తాగితే ఉబ్బుతుంది. దొంగ దొరికాడనుకుని కొమురయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను.

యాదగిరి హోటల్

మొదటి షిఫ్టు దిగిన వేళ. బెంచీల నిండా మనుషులున్నారు.

"యాదగిరీ, నీళ్లన్నీ ఇక్కడే పోస్తున్నావు. నల్లరేగడి ఉబ్బి నా స్తంభం లేచిపోతోంది" అన్నాను.

"నల్లరేగడా? ఏడున్నది సార్?" అన్నాడు, పాలగిన్నె దించకుండానే. "గడ్డపార తెచ్చి కొట్టుండ్రి, నిప్పులు రాల్తయి. నా హోటల్ కిందంత రాజు బండలే."

"ఏ రాజు?"

"ఎంతమంది రాజులున్నరు సార్ మనకు? గా గద్దె రాజే."

"గద్దె అక్కడుంది కదయ్యా."

"ఇప్పుడు ఆడున్నది. మా బాపు కాలంల ఈడనే ఉండె. రోడ్డు వెడల్పు జేసినప్పుడు రాజును ఇప్పి తీస్కపోయి ఆడ నిలవెట్టిండ్రు. పునాది బండలు బరువని ఈడనే ఇడిశిపెట్టిండ్రు. మా బాపు వాటి మీద పొయ్యి వెట్టిండు. రాజు దిగిండు, మేం ఎక్కినం."

బెంచీల మీదివాళ్లు నవ్వారు. ఒకాయన "యాదగిరి మహరాజుకు జై" అన్నాడు. కొమురయ్య మాత్రం నవ్వలేదు. సాసర్లో చాయ్ పోసుకున్నవాడు తాగకుండా నా వైపు చూశాడు.

"సార్, మన ప్లానుల రాజు ఏడున్నడు?"

ఆఫీసుకు వెళ్లి ప్లాను పరిచాం. రోడ్డు అంచు నుంచి కొలిచాం. ప్లానులో రాజు యాదగిరి పొయ్యి మీద ఉన్నాడు.

మిగతాది ఆ సాయంత్రానికల్లా తేలిపోయింది. గద్దెను జరిపిన సంగతి ప్లానులో ఎవరూ ఎక్కించలేదు. ఆ తరువాత కట్టిన క్వార్టర్లను మాత్రం కొత్తచోట ఉన్న గద్దె నుంచి టేపు పట్టి కొలిచారు. ఆ కొలతల్ని ప్లానులో పాత గద్దె నుంచి వేసి గీశారు. కాగితం మీద ఎనిమిది ఇళ్లూ రాజుతో పాటు పక్కకు జరిగాయి. కాపాడాల్సిన గీతా జరిగింది. కింద బొగ్గును జాగ్రత్తగా వదిలేసింది చాయ్ హోటల్ కోసం. దిమ్మెలు తీసుకుంటూ వస్తున్నది గద్దె కిందికి, ఇళ్ల కిందికి.

ఇరవయ్యో స్తంభం లేవడం లేదు. మొత్తం వరసలో గట్టి నేల మీద ఉన్నది అదొక్కటే. మిగతావన్నీ కుంగుతున్నాయి, వాటితో పాటు రాజూ కుంగుతున్నాడు. రాజు దగ్గర మొదలుపెట్టి రాజు దగ్గర ముగించే లెక్క ప్రతినెలా ఎందుకు కలుస్తుందో అప్పుడు తెలిసింది. దారిలో నేను తడబడలేదని మాత్రమే అది చెబుతుంది. బయల్దేరిన చోటు నిలకడగా ఉందో లేదో చెప్పదు.

బెత్తెడు

మూడు కిలోమీటర్ల అవతల రైల్వే వంతెన మీద ఇంకో బెంచ్‌మార్క్ ఉంది. అక్కణ్ణుంచి మా స్తంభాల దాకా రెండు రోజులు మట్టం కొలుచుకుంటూ వచ్చాం. రాజు బెత్తెడు దిగాడు. మూడో ఇల్లు అంతకంటే కొంచెం ఎక్కువే.

రిపోర్టు రాసి ఆఫీసర్ ముందు పెట్టాను. ఆయన అంకెల దగ్గర ఆగారు.

"పోయిన నెల మనం సున్నా అని రాశాం కదయ్యా."

"రాశాం సార్."

"ఈ నెల బెత్తెడు అంటే, ఒక్క నెలలో దిగిందా?"

"లేదు సార్. మొదటినుంచీ దిగుతోంది. మనం చూడలేదు."

"మనం కాదు, నువ్వు" అన్నారు. తరువాత గొంతు తగ్గించి, "నాలుగు రోజులు ఆగు. పైవాళ్లతో మెల్లగా మాట్లాడతాను. ఈలోపు ఎక్కడా నోరు జారకు" అన్నారు.

ఆయన దుర్మార్గుడు కాదు. చెడ్డవార్తను మెత్తటి సమయం చూసి చెప్పాలనుకునే మనిషి. అటువంటి ఆఫీసర్ల కింద మీరూ పనిచేస్తారు. వాళ్లు వెతికే ఆ సమయం ఎప్పుడూ రాదు.

బయట కొమురయ్య నిలబడి ఉన్నాడు. తలుపు సందులోంచి అంతా విన్నాడు.

"నాలుగు రోజులు ఆగుమని గోడకు ఎవలు చెప్తరు సార్?" అన్నాడు.

అట్నుంచి అటే ఇద్దరం క్వార్టర్లకు వెళ్లాం. ఎనిమిది తలుపులు తట్టాం. వాటిలో అయిదు సరిగా తెరుచుకోలేదు. బడి గదుల్లోకి వెళ్లిపొండి, సామాను తరువాత తెచ్చుకోవచ్చు అని చెప్పాం. మరియమ్మ నన్ను లోపలికి రమ్మనలేదు.

"ఇప్పుడు కదిలిందా సార్?"

"కదిలింది."

"ఎప్పటిసంది?"

"తెలియదమ్మా" అన్నాను.

తెలుసు. ఆమె గోడ మీదే తారీఖులతో సహా రాసి ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం వంటవేళకు మూడు ఇళ్ల వెనక గోడలు వంటిళ్ల మీద పడ్డాయి. ఇళ్లలో ఎవరూ లేరు. మరియమ్మ వాళ్ల పొయ్యి ఇటుకల కింద చదునైపోయింది.

మెమో

వారానికి నాకు మెమో వచ్చింది. అందులో రెండు ఆరోపణలు. ఒకటి, బెంచ్‌మార్క్ కుంగుతున్నా సకాలంలో చెప్పలేదని. రెండు, అనుమతి లేకుండా ముందే చెప్పి జనాన్ని భయపెట్టానని. ఒకే కాగితం మీద, ఒకే సంతకంతో. ఆ సంతకం నా లెవెల్ పుస్తకంలో ప్రతి నెల పేజీ అడుగునా ఉన్న సంతకమే.

తరువాత గద్దెను విప్పి దాని పాతచోటే మళ్లీ నిలబెట్టారు. యాదగిరి రోడ్డు అవతలికి జరిగాడు. స్తంభం నిలువుగా ఉందో లేదో మూడు రోజులు ఎండలో నిలబడి చూసింది నేనూ కొమురయ్యా. కిరీటం ఎక్కించిన రోజున ఎవరో పెద్దాయన కొబ్బరికాయ కొట్టారు. కొత్త ఫలకం వేశారు. రాజు పేరు ఏమని వెయ్యాలో తేలక "పూర్వ ప్రభువుల స్మారకార్థం" అని మూడు ముక్కలు చెక్కి, కింద పదకొండుమంది పేర్లు వేశారు. మూడో పేరు మా ఆఫీసర్‌ది. నా పేరు లేదు, కొమురయ్యది లేదు. ఫలకం ముందు నిలబడి లెక్కపెడుతుంటే కొమురయ్య అన్నాడు:

"పోనియ్యుండ్రి సార్. రాజు పేరే లేదు, మన పేరెందుకు?"

అతను పోనిచ్చాడు. నేను పోనివ్వలేదు. మెమో రద్దు చేయాలని పంతొమ్మిదేళ్లు దరఖాస్తులు పెట్టాను. ఆఫీసర్లు మారారు, బిల్డింగు మారింది. జవాబు మాత్రం ఎప్పుడూ ఒక్కటే: "పరిశీలించడమైనది. మార్పు అవసరం లేదు." అవన్నీ తారీఖుల వరసన నా దగ్గరున్నాయి.

మూడు కాగితాలు

రిటైరయ్యాక కొత్తగా వచ్చిన ఒక ఆఫీసర్ ఫైలు తిరగేసి, ఆ ఇళ్లవాళ్లెవరైనా సాక్షి సంతకం పెడితే మళ్లీ చూస్తానన్నాడు. ఆ ఎనిమిది కుటుంబాల్లో ఇప్పుడు దొరికేది మరియమ్మ ఒక్కతే. సెంటినరీ కాలనీలో కూతురి క్వార్టర్‌లో ఉంటోంది. దయానందం చనిపోయాడు. పోయిన నెల దరఖాస్తు పట్టుకుని వెళ్లాను.

కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని టీచరు చదివినట్టే వేలు పెట్టి చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"'ప్రమాదాన్ని ముందే పసిగట్టి' అని రాసిండ్రు."

"అవునమ్మా."

"ఎవల కంటె ముందు సార్?"

నేను నీళ్లు తాగాను.

ఆమె లేచి లోపలికి వెళ్లి జిప్పు కవరున్న బైబిలు తెచ్చింది. అందులోంచి మడతపెట్టిన మూడు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. మూడింటిలోనూ పైన ఆమె దస్తూరి, అడుగున నాది. పరిశీలించడమైనది. కదలిక లేదు. మడతల దగ్గర చిరగకుండా వెనక టేపు అతికించి ఉంది.

"సంతకం పెడ్త. పెట్టనంటలే. మీరు ఆనాడు రాకపోతె మేం ఆ గోడ కిందనే ఉందుము. మీ ఆఫీసర్ వద్దన్నంక గూడ వచ్చిండ్రని కొమురన్న చెప్పిండు, యాదికున్నది. గని ఇవి గూడ రాయుండ్రి."

"ఇవి రాస్తే మెమోలో మొదటి ఆరోపణ నిజమని నేనే ఒప్పుకున్నట్టవుతుందమ్మా. ఇక రద్దు చెయ్యరు."

"చెయ్యకపోవచ్చు. అబద్ధమైతె రాయకుండ్రి."

ఆమె కలం తీసుకున్నాను. "మరియమ్మ గారు నాకంటే నాలుగు నెలల ముందునుంచి మూడుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. మూడుసార్లూ కదలిక లేదని రాసింది నేనే" అని రాశాను. 'ముందే పసిగట్టి' అన్న ముక్క కొట్టేశాను. ఆమె చదివి, ఒక ఒత్తు తప్పు పోయిందని దిద్దించి, కింద గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది.

దరఖాస్తుకు జతచేస్తాను, ఆ మూడు కాగితాలూ ఇస్తారా అని అడిగాను.

"ఇయ్య సార్. జిరాక్స్ తీస్కొని మల్ల తెచ్చియ్యాలె."

కాలనీ గేటు దగ్గర దుకాణంలో జిరాక్స్ తీయించుకుని వెనక్కి వచ్చాను. ఆమె వాకిట్లోనే నిలబడి ఉంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంది. నేనిచ్చినవి అసలువో కావో అని ఒక్కోదాన్ని వెలుతురుకు పట్టి వెనక టేపు చూసుకుంది. తరువాత బైబిల్లో పెట్టి జిప్పు మూసింది.